కోత కూరలకా, చుట్టాలకా?

ఈమధ్య పెళ్ళి ఖర్చు తగ్గించుకోవాలనుకున్న వాళ్ళందరూ మొదట ఒకే పని చేస్తున్నారు. చుట్టాల్ని కోసేస్తున్నారు. పూల మండపం ఉంటుంది, పొగ చిమ్మే మిషను ఉంటుంది, నెత్తిమీద ఝుమ్మని తిరిగే డ్రోను ఉంటుంది. పెదనాన్నగారి రెండో అల్లుడు మాత్రం ఉండడు. అదేమిట్రా అంటే "బడ్జెట్ మావయ్యా" అంటారు. మా రోజుల్లో మాత్రం బడ్జెట్ లేదా? ఆ మాట ఫిబ్రవరి ఆఖర్న రేడియోలో వినడమే గానీ ఇంట్లో ఎవరూ అనేవారు కాదు, అంతే. డబ్బు చాలకపోతే కూర ఒకటి తగ్గేది, తీపి ఒకటి తగ్గేది, పెళ్ళికూతురి మెడలో గొలుసు ఒకటి తగ్గేది. మనిషిని తగ్గించిన పెళ్ళి నేనెరగను. తగ్గిస్తే ఆ గడపతో మాటలు పోయేవి, ఎదురుపడితే మొహాలు తిప్పుకోడాలు మొదలయ్యేవి, ఆ తరవాత మనింట్లో చావొచ్చినా వాళ్ళు గుమ్మం తొక్కరు. అంత ఖరీదైన పొదుపు ఎవడు చేస్తాడు?

మాది కోనసీమ. 1974 వైశాఖంలో మా చెల్లెలి పెళ్ళి చేశాం. నాన్నగారు రాసిన పెళ్ళి పద్దుల పుస్తకం ఇంకా నా బీరువాలో ఉంది. ఎర్ర అట్ట, నాలుగు మూలలా పసుపు, మొదటి పేజీ మీద "శ్రీరామ". అందులో నాకు ముచ్చటేసేవి రాసిన పద్దులు కావు, రాయనివి. బంగారం ఉంది, బట్టలున్నాయి. పంచదార, నెయ్యి, శనగపప్పు, జీడిపప్పు ఉన్నాయి. సన్నాయి మేళానికిచ్చింది, వంటవాళ్ళకిచ్చింది, పురోహితుడుగారి సంభావన ఉన్నాయి. పందిరి దగ్గరికొచ్చేసరికి "కొబ్బరితాడు, మేకులు" అని ఉంది గానీ కర్రలకీ ఆకులకీ రాసింది లేదు. అరిటాకుల పద్దు లేదు. పెరుగు లేదు. గుండిగల అద్దె లేదు. విడిది అద్దె లేదు. కూరలు తరిగినందుకు, నీళ్ళు తోడినందుకు, వడ్డించినందుకు ఎవరికీ పైసా ఇచ్చినట్టు లేదు. ఏడెనిమిది వందల మంది తిన్న పెళ్ళి అది. నాన్నగారిది ఊళ్ళో బడిపంతులు ఉద్యోగం.

ఎలా అయిందంటే ఇలా అయింది. రాట గుంటలో నవధాన్యాలు వేసి, పాలు పోసి, మామిడి కొమ్మ కట్టిన రాటని నిలబెట్టాక ఇక ఎవరికీ కబురు పంపక్కర్లేదు. సరుగుడు కర్రలు ఒకరి తోటలోంచి వచ్చాయి, కొబ్బరిమట్టలు మరొకరి తోటలోంచి వచ్చాయి. పెళ్ళయ్యాక కర్రలు వాళ్ళవి వాళ్ళకి వెళ్ళిపోయాయి, ఆకు మా పశువుల పాక మీదికెక్కింది. గుండిగలూ గంగాళాలూ రామాలయానివి. ఒక్కోదాని అంచు మీద దాత పేరు, దాని పక్కన ఓ సొట్ట. ఏ సొట్ట ఎవరి పెళ్ళిలో పడిందో చెప్పగలిగిన ముసలాళ్ళుండేవారు. మంచాలు, చాపలు, దుప్పట్లు ఇంటింటి నించీ వచ్చేవి. తిరిగి పంపేటప్పుడు తారుమారవకుండా మంచం కోడు మీద రంగుతో అక్షరం వేసేవాళ్ళం. విడిదికి ఎదురింటివాళ్ళు సగం ఇల్లు ఖాళీ చేసి, మూడు రోజులు వాళ్ళు వెనక వసారాలో సద్దుకున్నారు.

పెరుగు సంగతి చెప్పాలి. పెళ్ళి ముందురోజు మా వీధిలో పాడి ఉన్న ఇళ్ళన్నీ పాలు అమ్మడం మానేసి, ఎవరింట్లో వాళ్ళు కాచి తోడు పెట్టారు. పొద్దున్నే కుండలు వరసగా దిగాయి. ఒకరిది గడ్డ పెరుగు, ఒకరిది జారుడు, ఒకరిది అప్పుడే పులుపు తిరిగింది. అన్నీ ఒకే గంగాళంలో పోసేశారు. ఎవరి పెరుగు పులిసిందో బంతిలో కూర్చున్నవాడికి తెలిసే వీల్లేదు. వీధిలో ఆడవాళ్ళకి మాత్రం తెలుసు, ఏడాది పాటు చెప్పుకున్నారు కూడా.

ముందురాత్రి పెట్రోమాక్స్ లైటు కింద వంకాయల గుట్ట పోసి, చుట్టూ కత్తిపీటలు వేసుకుని కూర్చునేవారు. ముక్క నల్లబడకుండా మధ్యలో ఉప్పునీళ్ళ గంగాళం. కబుర్లు ఆగినా ముక్కలు నీళ్ళలో పడే చప్పుడు ఆగేది కాదు. కంద తరిగినవాళ్ళు చేతులకి చింతపండు రుద్దుకుంటూ విసుక్కుంటూ ఉండేవారు. పనసకాయ మాత్రం మగాళ్ళ పని. చేతికీ కత్తికీ నూనె రాసుకుని, పొట్టు ముద్ద కాకుండా, మరీ బిరుసుగా మిగలకుండా సన్నగా కొట్టగలిగిన చెయ్యి ఊరికి ఒకటో రెండో ఉండేవి. ఆ చెయ్యి గల పెద్దాయనకి ఆ రాత్రి మగపెళ్ళివారి కంటే ఎక్కువ మర్యాద. ఆయన అడిగినప్పుడల్లా కాఫీ. ఆయన కోపగించుకుంటే ఆవపెట్టిన పనసపొట్టు కూర లేని పెళ్ళయిపోతుంది, ఆ అప్రతిష్ఠ ఎవరు మోస్తారు? మొత్తానికి మామిడికాయ పప్పు, వంకాయ, కంద బచ్చలి, పనసపొట్టు, పులిహోర, బూరె, ముక్కల పులుసు, పెరుగు. ఇంకో తీపి ఉండాల్సింది, చేతిలో డబ్బు చూసుకుని మానేశారు. లడ్డూ లేదని అలిగిన చుట్టం ఒక్కడూ లేడు. పిలవలేదని అలగడానికి ఎవరూ మిగల్లేదు.

ఆ పంచదారకి పడ్డ పాట్లు వేరు. బయట మార్కెట్లో కొనాలంటే ధర మండేది, రేషను ధరకి కావాలంటే పర్మిట్ ఉండాలి. శుభలేఖ జతచేసి తాలూకాఫీసులో అర్జీ పెట్టాలి. గుమాస్తా శుభలేఖని అటూ ఇటూ తిప్పి, ముహూర్తం చదివి, "రాత్రి ముహూర్తమా? అయితే జనం తక్కువే వస్తారు" అని అడిగినదాంట్లో సగం రాసేవాడు. మావైపు సగం ముహూర్తాలు అర్ధరాత్రి దాటాకే మరి.

బంగారం మాటెత్తితే మా మనవలు నమ్మరు. ఆ 1974లో పది గ్రాములు 500 రూపాయలకి కాస్త అటూ ఇటూగా ఉండేది. అది విని వాళ్ళు నవ్వుతారు గానీ, ఆ 500 పోగు చెయ్యడానికి నాన్నగారు పడ్డ అవస్థ వాళ్ళకెలా తెలుస్తుంది? 2025లో అదే పది గ్రాములు లక్ష దాటేసింది. అంతకుముందు మా అక్క పెళ్ళి నాటికి ఇంకో తిప్పలు. చైనా యుద్ధం అయ్యాక 1963లో, మొరార్జీ దేశాయ్ ఆర్థికమంత్రిగా ఉండగా, 14 క్యారెట్లు మించిన కొత్త నగ చెయ్యకూడదని కట్టడి పెట్టారు. ఆ పాలిపోయిన బంగారాన్ని ఆడవాళ్ళు ముట్టుకోలేదు. కంసాలి ఇళ్ళలో కుంపట్లు చల్లారిపోయాయి. అక్కకి అమ్మ నగలే మెరుగుపెట్టించి వేశారు, పెళ్ళి చక్కగా అయింది.

దానికి తోడు మా వీధిలో ఒక కాసులపేరుండేది. ఒక ఇంటివారిది. ఆ వీధిలో ఏ ఇంటి పిల్ల పెళ్ళయినా ముందురోజు సాయంత్రం పసుపు గుడ్డలో చుట్టి అది ఆ ఇంటికి వెళ్ళేది, అప్పగింతలయ్యాక మళ్ళీ గుడ్డలో చుట్టుకుని ఇంటికొచ్చేది. ఆ పాతికేళ్ళ పెళ్ళి ఫొటోలన్నీ పక్కపక్కన పెట్టండి, పెళ్ళికూతుళ్ళు మారతారు గానీ మెడలో కాసులపేరు మారదు. ఇప్పుడు పూటకింత అని అద్దెకిచ్చే దుకాణాలొచ్చాయి. సంతకం పెట్టాలి, ఆధార్ జిరాక్సు ఇవ్వాలి, ముందుగా డిపాజిట్ కట్టాలి. ఒక్క రాయి రాలితే డిపాజిట్టులో కోత.

ఫొటోలంటే గుర్తొచ్చింది. మా చెల్లెలి పెళ్ళికి అమలాపురం నించి ఫొటోగ్రాఫరుని పిలిచాం. నాన్నగారు ఒక్క రీలుకే ఒప్పుకున్నారు. ఆ కెమెరాలో రీలుకి పన్నెండు ఫొటోలే. జీలకర్ర బెల్లం ఒకటి, మంగళసూత్రం ఒకటి, తలంబ్రాలు ఒకటి, మగపెళ్ళివారితో ఒకటి... ఇలా ముందే లెక్క. పదకొండోది తీశాక ఆయన పెట్టెలో కెమెరా పెట్టేస్తున్నట్టు నటించి, జనం చెదిరాక మిగిలినదాంట్లో నూతి దగ్గర తన బావమరిదిని తీసుకున్నాడని మాకు ప్రింట్లొచ్చాక తెలిసింది. ఆ బావమరిది ఇప్పటికీ మా ఆల్బంలో ఉన్నాడు.

ఇప్పుడు పెళ్ళికి నెలరోజుల ముందే ఫొటోలు తీస్తున్నారు. గోదారి గట్టు మీద పిల్లాడు పరిగెడతాడు, పిల్ల పైట ఎగరేస్తుంది, వెనక ఒకడు ఫ్యాను పట్టుకుని నించుంటాడు. గోదావరి ఒడ్డున గాలి కరువైందా, ఫ్యాను దేనికి? పెళ్ళినాడు సరేసరి. పురోహితుడుగారు మంగళసూత్రధారణకి గట్టిమేళం అంటుంటే కెమెరావాడు "సార్, ఒక్క నిమిషం, లైటింగ్" అంటాడు. ముహూర్తం ఆగాలి. తలంబ్రాలు మళ్ళీ పొయ్యాలి. వచ్చిన చుట్టాలకి వీళ్ళ వీపులు తప్ప ఏమీ కనపడవు. కనపడనివాళ్ళ కోసం హాల్లో పెద్ద తెర కడతారు, దానికి వేరే బిల్లు. రానివాళ్ళు చూడ్డానికి ఇంత ఖర్చు పెట్టి, వచ్చేవాళ్ళని జాబితాలోంచి కొట్టేయడం నాకు అంతుపట్టని లెక్క.

ఇప్పటి పెళ్ళి లెక్కలో రాయనిదంటూ ఏదీ లేదు. గుమ్మంలో పన్నీరు చల్లే పిల్లలకి గంటకింత. మా రోజుల్లో ఆ పన్నీరుబుడ్డి నాక్కావాలంటే నాక్కావాలని పిల్లలు జుట్లు పట్టుకునేవారు. పెళ్ళికూతుర్ని మేనమామలు బుట్టలో కూర్చోబెట్టి మోసుకొచ్చేవారు. ఇప్పుడు పూల చప్పరం కింద, అటూ ఇటూ మతాబాలు ఎగజిమ్ముతుంటే, పాటకి అడుగులేసుకుంటూ పిల్లే నడిచొస్తుంది. ఆ చప్పరానికో రేటు, మతాబాలకో రేటు, అడుగులు నేర్పినవాడికో రేటు. మేనమామలు కుర్చీల్లో కూర్చుని ఫోనులో తీసుకుంటున్నారు. నలుగుకి మాకు సున్నిపిండీ నువ్వుల నూనే చాలేవి. దాన్ని ఇప్పుడు హల్దీ అంటున్నారు, వచ్చేవాళ్ళందరూ పసుపు బట్టలే కట్టుకోవాలిట. పసుపు మరకలు చేసుకోడానికి కొత్త పసుపు బట్టలు! గోరింటాకు దొడ్లో చెట్టు దూసి రోట్లో రుబ్బితే ఊరందరి చేతులూ పండేవి. ఇప్పుడు చెయ్యికింత, మోచెయ్యి దాకా అయితే ఇంత. సంగీత్ అనేది నాకు సినిమాల్లో తప్ప తెలియదు. మా పెళ్ళిళ్ళలో పాటలంటే పేరంటాళ్ళు పాడేవి, కొబ్బరిచెట్టుకి కట్టిన మైకులోంచి 1961 నాటి 'సీతారామ కల్యాణం' రికార్డు. ఆ రికార్డు అరిగి ఒకేచోట తిరుగుతున్నా ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు.

మా మనవరాలికి హైదరాబాదులో ఉద్యోగం. ఈ మాఘంలో పెళ్ళి. "అప్పు చెయ్యొద్దు తాతయ్యా, ఉన్నదాంట్లోనే" అంది. చాలా సంతోషించాను. మావాడు మాత్రం ఎందుకైనా మంచిదని ఈవెంట్ మేనేజరుని పిలిపించాడు. ఆయనొచ్చి కుర్చీలో కూర్చుంటూనే "థీమ్ ఏంటి సార్?" అన్నాడు. "పెళ్ళండీ" అన్నాను. అది రాసుకోలేదు. బొమ్మలు చూపించాడు. మండపానికి ఎక్కడో విదేశాల నించి విమానంలో దిగిన ఆర్కిడ్ పువ్వులట. మాకు ఇటు కడియపులంక పూల మార్కెట్ ఉంది. బంతి, చేమంతి, లిల్లీ, కనకాంబరం తెల్లారగట్ల వెళ్తే గుట్టలు. ఆ మాటంటే "బంతి పాతగా కనపడుతుంది సార్" అన్నాడు. పెళ్ళి మాత్రం నిన్న కొత్తగా వచ్చిందేమిటి?

హాలువాళ్ళది ఇంకో తీరు. మౌఢ్యం పోయాక పంతులుగారు మూడు ముహూర్తాలు రాసిచ్చారు. హాలువాడు మొదటిదానికి ఒక అద్దె, మిగతా రెండింటికీ రెట్టింపు చెప్పాడు. పంచాంగం ఆయన బల్ల మీదా ఉంది, ఏ రాత్రికి ఊరంతా ఎగబడుతుందో మా పంతులుగారికంటే ఆయనకే బాగా తెలుసు. పైగా ఇన్ని ప్లేట్లకి తక్కువ కాకుండా కట్టాలని షరతు. అంటే మనుషుల్ని ఎంత తగ్గించినా ఆ గీత కిందకి డబ్బు తగ్గదు. తగ్గించిన చుట్టాల ప్లేట్లకి డబ్బు కట్టి, వాళ్ళకి అన్నం పెట్టకుండా, కోపాలు తెచ్చుకోవడమన్నమాట. ఈ మాట చెబితే మావాడు కాలిక్యులేటర్ తీశాడు. తీసి చాలాసేపు మాట్లాడలేదు. రెట్టింపు చెప్పిన ఆ రెండు ముహూర్తాలూ వదిలేసుకుంటే చాలా కలిసొస్తుందని ఆ పూటే తేలింది.

నేను పాతకాలాన్ని పల్లకీ ఎక్కిస్తున్నానని కొందరికి అనిపించొచ్చు. నాన్నగారి పుస్తకంలో రాయని పద్దులన్నానే, వాటిలో కట్నం కూడా ఒకటి. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. మా ఊళ్ళో ఎవరికీ అది వచ్చినట్టు తెలియదు, తెలిసినవాళ్ళు తెలియనట్టుండేవారు. పుస్తకంలో కట్నం పేజీ లేదు గానీ, మాకున్న కాస్త కొబ్బరితోట ఆ ఏడాదే చేతులు మారింది. అలకపాన్పు మీద అల్లుడుగారు రేడియో అడిగారు. విడిదిలో కాఫీ చల్లారిందని మగపెళ్ళివారి తాతగారు కండువా దులుపుకుని లేచారు, ఆయన్ని కూర్చోబెట్టడానికి మా పెదనాన్న కాళ్ళ దాకా వంగారు. పెరుగు ఊరు ఇచ్చింది, పందిరి ఊరు వేసింది, అలా మిగిలినదంతా అటు నించి అటే పోయింది. ఇప్పుడు డెకరేషనుకి పోతోంది. పోవడం మాత్రం పోతోంది.

ఆ పుస్తకం మనవరాలికి చూపించాను, నాలుగు బుద్ధులు నేర్చుకుంటుందని. ప్రతి పేజీ శ్రద్ధగా చూసింది. "తాతయ్యా, కూరలు తరిగినవాళ్ళకి ఏమీ ఇవ్వలేదన్నావు. వాళ్ళంతా పెళ్ళి చూశారా?" అంది. ఏం ప్రశ్న అది? అయినా ఆలోచించాను. మా పెద్దత్తయ్య నెలరోజుల ముందే వచ్చింది. అప్పడాలు, వడియాలు, బియ్యం ఏరడాలు, పసుపు దంచడాలు అన్నీ ఆవిడ చేతిమీదే. తలంబ్రాల వేళకి ఆవిడ వెనకింట్లో మగపెళ్ళివారికి కాఫీ కాస్తోంది. పదకొండు ఫొటోల్లో ఎక్కడా లేదు. నూతి దగ్గర బావమరిది ఉన్నాడు. మనవరాలు ఆల్బం మూసి, "కేటరింగ్‌వాళ్ళకి డబ్బిచ్చేది అందుకే, మామ్మ కూర్చుని పెళ్ళి చూడాలి కదా" అంది. దానికి జవాబు తట్టలేదు, అంచేత ఆర్కిడ్ పువ్వుల మీద మళ్ళీ కేకలేశాను. వాటిని తీయించేసింది. డ్రోనూ పోయింది. ఫ్యానువాడూ పోయాడు. హల్దీ మాత్రం కదల్లేదు.

అసలు పొదుపుగా చెయ్యాలనే ఉంటే దారులు లేకపోలేదు. అన్నవరం కొండ మీద, ద్వారకా తిరుమలలో ముహూర్తాల రోజుల్లో ఎన్ని జంటలో లెక్కుండదు. ఒకరి మంగళవాద్యం ఇంకొకరికి వినపడుతూ, ఎవరి గట్టిమేళానికి ఎవరు అక్షింతలు వేస్తున్నారో తెలియకుండా అయిపోతాయి, ఏ లోటూ లేదు. తిరుమల కొండ మీద కల్యాణవేదికలో పురోహితుడు, మేళం, పసుపు కుంకుమ, కంకణాలు దేవస్థానం వారివే, పైసా తీసుకోరు. దేవుడితో పనిలేదనుకునేవాళ్ళకి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. నెల్లాళ్ళ ముందు నోటీసు, ముగ్గురు సాక్షులు, సంతకం. త్రిపురనేని రామస్వామి చౌదరిగారు పెళ్ళి తంతునే తెలుగులో రాసిపెట్టారు. నాస్తికుడు గోరాగారి అమ్మాయి పెళ్ళి గాంధీగారు పోయిన కొద్దికాలానికే 1948లో సేవాగ్రాంలో ఏ ఆడంబరమూ లేకుండా జరిగింది. మా చిన్నప్పుడు పార్టీవాళ్ళ స్టేజీ పెళ్ళిళ్ళు నేనూ చూశాను. రెండు దండలు, ఒక మైకు. పెళ్ళి ఐదు నిమిషాలు, ఉపన్యాసాలు మూడు గంటలు, ఆఖర్న గోళీసోడా. ఆ మూడు గంటలూ కూర్చున్న జనానికి అంతకంటే ఎక్కువే ఇవ్వాల్సింది, కానీ ఖర్చు లేని పెళ్ళంటే అది.

ఆఖరికి హాలు మానేసి మా ఇంట్లో అన్నవరం అనుకున్నారు. కొండ మీద పెళ్ళి, కింద మా ఊళ్ళో భోజనాలు. చుట్టాల జాబితా మళ్ళీ ఎనిమిది వందలకి ఎక్కింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. అంతలో శుభలేఖ మీద "కానుకలు స్వీకరించబడవు" అని వేయిస్తామన్నారు. ఇదొకటి వచ్చింది కొత్తగా. చదివింపులంటే వీళ్ళకి అడుక్కోవడంలా ఉందిట. నాన్నగారి పుస్తకం రెండో సగమంతా చదివింపులే. ఫలానావారు 5 రూపాయలు, ఫలానావారు 11, మేనత్తగారు 116, స్టీలు బిందె పేరు చెక్కించి ఒకటి. మైకులో గట్టిగా చదివేవారు, అందుకే ఆ పేరు. ఆ పుస్తకం పక్కన పెట్టుకునే తరవాత ఇరవై ఏళ్ళూ మా ఇంట్లోవాళ్ళు పెళ్ళిళ్ళకి వెళ్ళారు. వాళ్ళు 5 ఇస్తే మనం 10 చదివించాలి, వాళ్ళు బిందె ఇస్తే మనం అంతకి తగ్గకూడదు. వడ్డీ లేదు, నోటు లేదు, పెళ్ళున్న ఇంటికి ఊరంతా కలిసి వేసిన చీటీపాట. డబ్బు లేనివాడు పెళ్ళి చెయ్యగలిగింది దీంతోనే. బజారు అప్పులో సగం చదివింపులతో తీరేది, మిగతా సగం కొబ్బరికాయలు దిగాక. తెలంగాణ ప్రభుత్వం 2014లో కల్యాణలక్ష్మి మొదలుపెట్టినప్పుడు పేదింటి ఆడపిల్ల పెళ్ళికి 51,000 ఇచ్చింది, తరవాత పెంచి పెంచి 1,00,116 చేసింది. చూశారా, సర్కారు కూడా ఆ 116 వదల్లేదు. చదివింపు అనేది ఎలా ఉండాలో ఆ ఫైలు రాసినవాడికి తెలుసు. నేను గొడవ పెట్టుకుంటే మనవరాలు ఆ వాక్యం తీయించింది గానీ, మైకులో చదివించనని ఖచ్చితంగా చెప్పేసింది. పుస్తకం నేను రాసుకోవచ్చుట. బల్ల మీద ఫోను స్కానింగు బొమ్మ ఒకటి పెడతారట. దాంట్లో 117 పంపినవాడి పద్దు నేనెలా రాయాలో ఎవరూ చెప్పడం లేదు.

శుభలేఖలు ఫోనులో పంపడం మీద కూడా నాలుగు మాటలన్నాను, వాటిని ఎవరూ పట్టించుకోలేదు. బొట్టు పెట్టి పిలవాల్సిన ముప్పై ఇళ్ళకి మాత్రం మా ఆవిడతో కారు పంపుతామన్నారు.

ఇక మిగిలింది భోజనాలు. నిన్న కేటరింగ్ ఆయన వచ్చాడు. నలభై రకాలు చదివాడు. అందులో పానీపూరీ ఉంది, ఐస్ గోళా ఉంది, పెనం మీద అక్కడికక్కడ వేసే దోసె ఉంది, పనీరు మూడు వేషాల్లో ఉంది. పనసపొట్టు లేదు. కంద బచ్చలి ఉందేమో అని అడిగితే, అది ముప్ఫయ్యో నంబరు దాటాక ఎక్కడో ఉంది. నేను కలం తీసుకుని కొట్టేయడం మొదలుపెట్టాను. పన్నెండు రకాలకి దించాను. ఆయన మొహం వాడింది గానీ, ప్లేటు ధర సగానికి పడేసరికి మావాడి మొహం వెలిగింది. "ఆకు వేసి బంతి భోజనం పెట్టాలి" అన్నాను.

"అలాగైతే ప్లేటుకి ఇంకొంత పడుతుందండి. వడ్డించేవాళ్ళు ఎక్కువ కావాలి" అన్నాడు ఆయన. ఆ వడ్డించే కుర్రాళ్ళు ఎవరా అంటే, కాలేజీ పిల్లలు. రోజు కూలికి నల్ల ప్యాంటు, మెడకి బో కట్టుకుని వస్తారు. జనమంతా తిన్నాక ఎక్కడో వంటశాల వెనక నించుని తింటారు, వాళ్ళ కడుపు సంగతి అడిగే పెళ్ళిపెద్ద ఉండడు.

"కూలీలొద్దు, మావాళ్ళే వడ్డిస్తారు" అన్నాను.

"కుదరదండి. బయటివాళ్ళు చెయ్యి పెడితే మా లెక్క తప్పిపోద్ది."

పెళ్ళికూతురి పినతండ్రి బయటివాడట! అరగంట వాదించాక, పులుసు బకెట్టు, నెయ్యి గిన్నె, పెరుగు మాత్రం మావాళ్ళ చేతికివ్వడానికి ఒప్పుకున్నాడు. గెలిచాననుకుని లోపలికొచ్చాను. మనవరాలు పుస్తకం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది. "సరే తాతయ్యా, ఎనిమిది వందల ఆకులకి వంగి వడ్డించగలిగిన నడుములు మనవాళ్ళలో ఎవరెవరికున్నాయో రాయి" అంది.

పొద్దుటి నించీ రాస్తున్నాను. ఇప్పటికి నలుగురు తేలారు. వాళ్ళలో ఒకడికి మొన్న శ్రావణంలో మోకాలి ఆపరేషన్ అయిందని మా ఆవిడ ఇప్పుడే గుర్తుచేసింది. ఆ ఒక్కడి పేరూ ఉంచాను. కూర్చోబెట్టి నెయ్యి గిన్నె ఇస్తే సరి.